మేమింకా ఇంట్లోనే ఉన్నాం అంకుల్

ఇల్లు ఖాళీ చేస్తున్నామని ఓనర్‌కి చెప్పేదాకానే అది మన ఇల్లు. చెప్పాక కూడా ఇంకో నెల అద్దె కట్టేది మనమే, అక్కడ వండుకునేదీ పడుకునేదీ మనమే, అయినా గేటుకి టులెట్ బోర్డు ఎక్కిన మరుక్షణం నుంచి ఆ వీధిలో పోయే ఎవరికైనా మన పడగ్గది చూసే హక్కు వచ్చేస్తుంది. హైదరాబాద్‌లో అద్దెకున్నవాళ్ళలో ఈ నెల రోజుల బాధ పడనివాళ్ళు తక్కువ. దిగేటప్పుడే దీని గురించి ఓనర్‌తో మాట్లాడుకున్నవాళ్ళని మాత్రం నేనింతవరకూ చూడలేదు. ఎవరు మాట్లాడతారు, దిగేటప్పుడు అందరి ధ్యాసా నీళ్ళ మీదా పార్కింగ్ మీదా ఉంటుంది.

మాది నల్లకుంట. కింద ఓనర్ అంకుల్, ఆంటీ, పైన రెండు పోర్షన్లు, అందులో డబుల్ బెడ్రూమ్ పోర్షన్ మాది. మా ఆయన ఆఫీసు గచ్చిబౌలి వైపు మారింది, బాబుకి స్కూలు కూడా అటువైపే చూశాం, జూన్ 12న స్కూళ్ళు తెరిచేలోపు సామాను మార్చేయాలని మే మొదట్లోనే అంకుల్‌కి చెప్పేశాం. అగ్రిమెంట్‌లో నెల ముందు చెప్పాలని ఉంది, చెప్పాం. అంకుల్ మంచాయనే. కరోనా టైమ్‌లో అద్దె లేటైతే ఒక్క మాట అనలేదు, ఆంటీ ఆవకాయ పెట్టిన ప్రతి ఏడూ మాకో సీసా పైకొచ్చేది. ఇది ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే కింద రాసినవన్నీ చదివి ఎవరైనా ఆయన్ని రాక్షసుడనుకుంటే నాకు బాగుండదు. చెడ్డ ఓనర్‌తో గొడవ పడటం సులువు. మంచి ఓనర్‌తోనే కష్టం.

చెప్పిన సాయంత్రానికే బోర్డు వేలాడింది. దాని మీద అంకుల్ నంబరే ఉంది, కానీ ఆయన భోంచేశాక ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకుంటారు, పైగా ఎండలో వచ్చినవాళ్ళకి ఫోన్ చేసి ఆగే ఓపిక ఉండదు. గేటు తీసుకుని తిన్నగా మెట్లెక్కి మా బెల్లే కొడతారు. నేను వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని చేస్తాను. మీటింగ్‌లో మైక్ ఆన్‌లో ఉండగా బెల్లు, కుక్కర్ మూడో కూతకి బెల్లు, స్నానం చేస్తుంటే బెల్లు. తలుపు తీస్తే ఎండకి ముఖాలు ఎర్రబడిపోయిన మొగుడూ పెళ్ళాం, చంకలో పిల్ల, "టులెట్ చూశాం మేడమ్, రెండే నిమిషాలు". ఆ పిల్లని చూసి పొమ్మని ఎలా అంటాం? లోపలికి రమ్మని మంచినీళ్ళిచ్చి ఇల్లు చూపించేది నేనే. అంటే అంకుల్ ఇంటికి జీతం లేని బ్రోకర్‌ని నేనన్నమాట.

ఇల్లు చూసేవాళ్ళలో రకాలు చెప్పాలంటే చాలా ఉన్నాయి గానీ, మర్చిపోలేనివాళ్ళ గురించి చెప్తాను. ఒక పెద్దాయన ఫోన్‌లో దిక్సూచి యాప్ తెరిచి ప్రతి గదిలోనూ నడిమధ్య నిలబడి, సింక్ ఈశాన్యంలో ఉందా ఆగ్నేయంలో ఉందా అని కొడుకుతో వాదన పెట్టుకున్నారు, మా డైనింగ్ టేబుల్ దిక్కులకి అడ్డమొస్తోందని దాన్ని జరిపించారు కూడా. ఇంకో కుర్ర జంట లోపల అడుగు పెట్టడంతోనే వీడియో కాల్ మొదలు, రాజమండ్రిలో ఉన్న అత్తగారికి ఇల్లు చూపిస్తున్నారు. ఆ వీడియోలో మా మంచం మీద మడతపెట్టని బట్టలు, బనియన్‌తో కూర్చుని టీవీ చూస్తున్న మా బాబు, దేవుడి గూడు, అన్నీ లైవ్. "అమ్మాయ్, ఆ అటక మీదేంటో చూపించు" అని ఫోన్‌లోంచి ఆవిడ అడుగుతున్నారు, మా అటక! మరొకావిడ అయితే కప్‌బోర్డ్ లోతు ఎంతుందో చూద్దామని తలుపు లాగారు. ఇస్త్రీ చీరల దొంతర, దాని మీద పెట్టిన బాబు పాత ప్రోగ్రెస్ కార్డులు, బంగారం షాపు వాడిచ్చిన ఖాళీ డబ్బా, మొత్తం ఆవిడ కాళ్ళ మీద పడ్డాయి. ఆవిడ పాపం సారీ చెప్పి తీసి పెట్టబోయారు, నేను వద్దన్నాను, ఇద్దరం నేల మీద కూర్చుని ఒకరి చేతిలోంచి ఒకరం చీరలు లాక్కున్నంత పని చేశాం.

ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్ళది తప్పని నేననను. మనుషులున్న ఇల్లు చూస్తే తెలిసేది ఖాళీ ఇల్లు చూస్తే తెలీదు. ఫ్రిజ్ ఎక్కడ పడుతుందో, వాషింగ్ మెషీన్‌కి నల్లా ఎక్కడుందో, బాల్కనీలో బట్టలు ఆరతాయో లేదో, పక్కింటి వాళ్ళ టీవీ ఎంత వినిపిస్తుందో తెలియాలంటే అక్కడెవరో బతుకుతూ ఉండాలి. మేం కూడా అవే వారాల్లో చందానగర్, నల్లగండ్ల, మియాపూర్ తిరుగుతూ వేరేవాళ్ళ ఇళ్ళలోకి తొంగి చూస్తున్నవాళ్ళమే. ఒకచోట డిగ్రీ చదివే అమ్మాయి హాల్లో చాప వేసుకుని పరీక్షకి చదువుకుంటోంది, బ్రోకర్ ఆ చాప దాటుకుంటూ మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళి "హాలు స్పేషియస్ సార్" అంటున్నాడు. ఆ పిల్ల తలెత్తి కూడా చూడలేదు. అలవాటైపోయినట్టుంది.

వచ్చిన ప్రతివాళ్ళూ అడిగే మొదటి ప్రశ్న "మీరెందుకు ఖాళీ చేస్తున్నారు?" ఆఫీసు మారింది, బాబు స్కూలు అంటే ఎవరూ నమ్మరు. తలూపుతూనే గోడలు చూస్తారు. రెండో ప్రశ్న అంకుల్ ముందు అడగరు. హాల్లో ఆయన్ని మగవాళ్ళతో మాట్లాడనిచ్చి, ఆడవాళ్ళు నెమ్మదిగా నా వెంట వంటగదిలోకి వస్తారు, గొంతు తగ్గించి, "అక్కా, నిజం చెప్పండి, నీళ్ళ ప్రాబ్లమ్ ఉందా? ఓనర్లు ఎలాంటోళ్ళు?" అంటారు. మీటర్ సెపరేటేనా, 200 యూనిట్లు దాటకపోతే జీరో బిల్లు వస్తుందా, చుట్టాలొస్తే అంటారా, రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారు, అన్నీ ఆ గ్యాస్ స్టవ్ పక్కన నిలబడే. అగ్రిమెంట్ పేపర్‌లో ఉండని అసలు విషయాలన్నీ అక్కడే బయటికొస్తాయి, ఆ నిమిషంలో నేనేం చెప్తే అదే వాళ్ళకి ఆధారం.

ఏం చెప్పాలి? నేనొకటి అనుకున్నాను, ఆ ఇంట్లో దిగేముందు నాకు ఎవరైనా చెప్పుంటే బాగుండేదనిపించినవి చెప్తాను, మిగతావి చెప్పను. నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, సంపు పెద్దదే కాబట్టి సరిపోతాయి, ఎండాకాలం బోరు తగ్గితే ట్యాంకర్ తెప్పిస్తారు, ఆ డబ్బులు మూడు పోర్షన్లూ పంచుకోవాలి. ఇది చెప్తాను. ఆంటీకి సాయంత్రం ఆరయ్యాక ఎవరైనా మెట్లు ఊడిస్తే నచ్చదు, ఇది వాళ్ళే దిగాక తెలుసుకుంటారు.

ఇక్కడే బీరువా గొడవ వచ్చింది. మా చిన్న బెడ్రూమ్‌లో ఒక గోడకి వానాకాలం చెమ్మ పడుతుంది. పైన మేడ మీద ఆ మూల నీళ్ళు నిలుస్తాయి, అవే మెల్లగా దిగుతాయి. మేలో గోడ ఎండిపోయే ఉంటుంది గానీ పెయింట్ పెచ్చులు లేచి, గోరుతో గీకితే తెల్లగా ఉప్పులాంటి పొడి రాలుతుంది. ఒక ఆదివారం అంకుల్ పైకొచ్చి గోడ చూసి, "అమ్మా, ఆ బీరువా కాస్త ఇటు జరపండి, వచ్చినవాళ్ళకి చూడ్డానికి నీట్‌గా ఉంటుంది" అన్నారు. మామూలుగా, కర్టెన్ సరిచేయమన్నంత మామూలుగా. మా ఆయన లేచి జరపబోయాడు కూడా. నేనే ఆపాను. "అంకుల్, మేం వెళ్ళాక మీ ఇష్టం, మేమున్నప్పుడు వద్దు, రేపు జులైలో వాళ్ళు నన్ను తిట్టుకుంటారు" అన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. "పెయింట్ ఎలాగూ వేయిస్తా కదమ్మా" అని దిగి వెళ్ళిపోయారు. తర్వాత రెండు రోజులు ఆంటీ నాతో ముభావంగా ఉన్నారు.

గోడ సంగతి సరే, నన్ను ఎక్కువ కుదిపింది వేరే. అంకుల్ వచ్చినవాళ్ళని ఇంటర్వ్యూ చేసేది మా హాల్లోనే, మా సోఫాలో కూర్చుని. ఎంతమంది, ఎక్కడ ఉద్యోగం, సొంతూరేది, నాన్‌వెజ్ తింటారా, ఆ తర్వాత కొంచెం తిప్పి "మీరేమవుతారు" అని కులం. మేం ఆదివారం ఆదివారం చికెన్ వండుకునేవాళ్ళమే, ఆ వాసన కిందికి వెళ్ళేదే, మమ్మల్ని ఎన్నడూ ఏమీ అనలేదు, మరి కొత్తవాళ్ళని ఎందుకు అడుగుతారో నాకు అర్థం కాదు. ఒక రోజు ఒక జంట వచ్చారు, ఇద్దరికీ ఉద్యోగాలు, ఇల్లు బాగా నచ్చింది, ఆ అమ్మాయి అప్పటికే కిటికీల కొలతలు అడుగుతోంది. అంకుల్ పేరు అడిగారు. అతను తన పేరు చెప్పాడు. ముస్లిం పేరు. "అయ్యో, పొద్దున్నే ఒకళ్ళకి మాటిచ్చేశామమ్మా" అన్నారు అంకుల్. పొద్దున్న ఎవరూ రాలేదు. ఆ అమ్మాయి నా వైపు ఒకసారి చూసి చున్నీ సర్దుకుని "థాంక్యూ ఆంటీ" అని వెళ్ళిపోయింది. వాళ్ళు మెట్లు దిగాక ఎందుకలా అన్నారని అంకుల్‌ని అడిగాను. "మీకు తెలీదులేమ్మా" అన్నారు. ఈ ఊళ్ళో అద్దె ఇళ్ళ కోసం తిరిగినవాళ్ళకి ఇది కొత్త కాదు, నాకూ విన్నదే. కానీ నా ఇంట్లో, నేనిచ్చిన మంచినీళ్ళ గ్లాసు అతని చేతిలో ఉండగా జరిగింది. అప్పుడే అనుకున్నా, ఈ ఇంటర్వ్యూలు ఇక మా హాల్లో కుదరవని.

అంతలో మా చిన్నాన్న కూతురి పెళ్ళికి వరంగల్ వెళ్ళాం. తిరిగొచ్చేసరికి బాత్రూమ్ లైట్ వెలుగుతోంది, హాల్లో ఫ్యాన్ తిరుగుతోంది, తడిపాదాల గుర్తులు ఎండి మట్టిగా కనిపిస్తున్నాయి. దొంగలేమో అని గుండె ఆగినంత పనైంది. పక్క పోర్షన్ అక్కయ్య చెప్పింది, అంకుల్ తన దగ్గరున్న తాళంతో తీసి రెండు పార్టీలకి ఇల్లు చూపించారని. నా బంగారం ఇంట్లోనే ఉంది, ల్యాప్‌టాప్ టేబుల్ మీదే ఉంది, ఏమీ పోలేదు. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎవరెవరు వచ్చారో ఏ డ్రాయర్ తీశారో తెలియకపోవడం ఒక రకమైన టెన్షన్, మాటల్లో చెప్పలేను.

పొద్దున్నే కిందికి వెళ్ళాను. ఆంటీ కాఫీ ఇచ్చారు, అంకుల్ పేపర్ మడిచి పక్కన పెట్టారు. నేను నోరు తెరిచేలోపే ఆయనే, "మీరు లేనప్పుడు చూపిస్తే మీకు ఇబ్బంది ఉండదని నేనే తాళం తీశానమ్మా" అన్నారు. నిజంగానే మాకు మేలు చేశాననుకుంటున్నారు! నేను పోట్లాటకి సిద్ధమై వెళ్ళినదాన్ని ఆ మాటకి ఏమనాలో తోచలేదు. ఆయన లెక్కలో ఇల్లంటే గోడలు, తలుపులు, అవి ఆయనవి. నా లెక్కలో ఇల్లంటే ఆ గోడల మధ్య ఉన్నది, అది నాది.

ఆ రోజు కూర్చుని చట్టం ఏమంటుందో చదివాను. నేను లాయర్‌ని కాదు, కాబట్టి అర్థమైనంత చెప్తాను. 1882 నాటి ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్‌లో 108వ సెక్షన్ ఉంది. అద్దె కడుతూ షరతులు పాటిస్తున్నంత కాలం అద్దెకున్నవాళ్ళు ఏ ఆటంకం లేకుండా ఉండొచ్చని ఓనర్ మాటిచ్చినట్టే లెక్క అని అందులో ఉంది. అదే సెక్షన్‌లో, ఓనర్ గానీ ఆయన మనుషులు గానీ సమంజసమైన వేళల్లో వచ్చి ఇల్లు ఎలా ఉందో చూసుకోవడానికి అద్దెకున్నవాళ్ళు ఒప్పుకోవాలనీ ఉంది. ఇవన్నీ వేరే ఒప్పందం గానీ స్థానిక ఆనవాయితీ గానీ లేనప్పుడు వర్తించేవి. అంటే రాసుకుంటే రాసుకున్నదే చెల్లుతుంది. 2021లో కేంద్ర కేబినెట్ ఆమోదించిన మోడల్ టెనెన్సీ యాక్ట్ ఇంకొంచెం స్పష్టంగా ఉంది. ఓనర్ ఇంట్లోకి రావాలంటే కనీసం 24 గంటల ముందు రాతపూర్వకంగానో ఫోన్ మెసేజ్ లాంటి ఎలక్ట్రానిక్ పద్ధతిలోనో చెప్పాలి, ఎందుకొస్తున్నారో ఎన్నింటికొస్తున్నారో చెప్పాలి, అగ్నిప్రమాదం లాంటి అత్యవసరం తప్పిస్తే సూర్యోదయానికి ముందూ సూర్యాస్తమయం తర్వాతా రాకూడదు. బాగుంది కదా. కాకపోతే అది నమూనా చట్టం, ఏ రాష్ట్రమైనా దాని ప్రకారం తన చట్టం తెచ్చుకుంటేనే అక్కడ అమలవుతుంది. మన చేతిలో ఉన్నది మన అగ్రిమెంట్. అదేమో దాదాపు అందరికీ 11 నెలలదే, ఏడాది దాటితేనే లీజుని రిజిస్టర్ చేయించాలని చాలామంది అనుకుంటారు కాబట్టి. జిరాక్స్ షాపు అతని కంప్యూటర్‌లో ఒక పాత ఫైల్ ఉంటుంది, అందులో పేర్లూ అద్దే మార్చి స్టాంప్ పేపర్ మీద ప్రింట్ ఇస్తాడు. మాదీ అదే. గోడలకి మేకులు కొట్టకూడదని రాసి ఉంది, ఇల్లు చూపించడం గురించి ఒక్క ముక్క లేదు.

అయితే చట్టం చదివాక కూడా ఒకటి అర్థం కాలేదు, ఇన్నాళ్ళూ మేమెందుకు నోరెత్తలేదు? ఆలోచిస్తే మొహమాటం కాదు, అడ్వాన్స్. మా అద్దె 19,000, రెండు నెలల అడ్వాన్స్ 38,000 అంకుల్ దగ్గరుంది. మొదటి రోజే చెప్పారు, "కొత్తవాళ్ళు అడ్వాన్స్ ఇవ్వగానే మీది ఇచ్చేస్తానమ్మా, ఒక నెలది పెయింటింగ్‌కి పట్టుకుని". ఈ ఊళ్ళో చాలామంది ఓనర్లు చెప్పే మాటే ఇది, అడ్వాన్స్ డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయి ఉంటుంది, కొత్తవాళ్ళది తీసుకుని పాతవాళ్ళకి ఇస్తారు. అవతల చందానగర్‌లో మేం చూసిన ఇంటికి అద్దె 26,000, అడ్వాన్స్ 52,000, మొదటి నెల అద్దె, బ్రోకర్‌కి సగం నెల, కలిపితే 91,000 ఒకేసారి కట్టాలి, సామాను లారీ ఖర్చు కాక. అంటే మా చేతికి రావాల్సిన డబ్బు, ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళకి ఈ ఇల్లు నచ్చడం మీద ఆధారపడి ఉంది. అందుకే బెల్లు కొట్టినవాళ్ళకల్లా తలుపు తీస్తున్నాం, అందుకే మా ఆయన బీరువా జరపడానికి లేచాడు. అడ్వాన్స్‌కి ఆ ముడి ఉన్నంతకాలం టైమింగ్ గురించి ఎంత మర్యాదగా మాట్లాడినా మన మాటకి బలం ఉండదు. నేను చెప్పాలనుకున్న అసలు విషయం ఇదే, మిగతాదంతా సోది అనుకున్నా పర్లేదు.

అంకుల్ ఇబ్బంది కూడా ఉంది. ఆయన పెన్షన్‌కి తోడు ఈ అద్దెలే. ఆషాఢం వచ్చిందంటే ఎవరూ కొత్తింట్లో దిగరు, శ్రావణం దాకా పోర్షన్ ఖాళీగా ఉంటే ఆ 19,000 ఆయన జేబులోంచి పోయినట్టే. స్కూళ్ళ హడావుడి ఉన్న మే నెలలోనే ఎవరో ఒకరు కుదరాలి, అది పోతే మళ్ళీ దొరకడం కష్టం. ఆయన కంగారు నాకు అర్థమవుతుంది. తాళం తీయడం మాత్రం అర్థం కాదు.

మర్నాడు మా ఆయనా నేనూ కలిసి కిందికి వెళ్ళి ఒక లెక్క చెప్పాం. మేము అద్దె నెల అయ్యాక కడతాం, కాబట్టి మే అద్దె ఇంకా ఇవ్వలేదు. అది అడ్వాన్స్‌లో పట్టుకోండి. మిగిలిన 19,000 మీరు చెప్పినట్టే పెయింటింగ్‌కి. జూన్‌లో ఎన్ని రోజులుంటే అన్ని రోజులకి లెక్క కట్టి ఇచ్చేస్తాం, కరెంటు బిల్లు చివరి రీడింగ్ చూసి కట్టేస్తాం. మీరు మాకు రూపాయి ఇవ్వక్కర్లేదు, మేము మీకు బాకీ లేదు. అంకుల్ ముందు అనుమానంగా చూశారు, ఏదైనా పగలగొట్టి పోతే ఎలా అని ఆయన భయం, అది న్యాయమే. అందుకే అప్పుడే పైకి తీసుకొచ్చి ఇల్లంతా కలిసి తిరిగాం, ఫొటోలు తీసుకున్నాం, కారుతున్న వాష్‌బేసిన్ నల్లా మేమే మార్పిస్తామన్నాం, చిన్న బెడ్రూమ్ గోడ ఆయన ఖాతా. అడ్వాన్స్ వెతుక్కునే పని తప్పిందని ఆయనకీ కాస్త తేలికైనట్టే ఉంది, ఆంటీ మళ్ళీ నవ్వుతూ మాట్లాడారు.

ఆ తర్వాత టైమింగ్ మాట ఎత్తితే ఎంత తేడానో. వాట్సాప్‌లో పెట్టాను: అంకుల్, ఆదివారం పది నుంచి ఒంటిగంట, మామూలు రోజుల్లో సాయంత్రం ఐదున్నర నుంచి ఆరున్నర, ముందు రోజు మెసేజ్ పెట్టండి, ఒకసారికి ఒక పార్టీయే, మేమిద్దరిలో ఒకరు ఉన్నప్పుడే, మా సామాను మీద వీడియో వద్దు, కప్‌బోర్డులు నేనే తీసి చూపిస్తాను, మాటలు మాత్రం కింద మీ హాల్లో. ఆయన ఒక నమస్కారం బొమ్మ పెట్టారు. బోర్డు మీద "ఓనర్‌ని కింద సంప్రదించండి" అని మార్కర్‌తో రాయించాను, మధ్యాహ్నం బెల్లులు చాలావరకు తగ్గాయి. పూర్తిగా ఆగలేదనుకోండి, మన జనం బోర్డు మీద నంబర్ తప్ప ఏదీ చదవరు. రెండో తాళం ఆయన దగ్గరే ఉండనిచ్చాం, ఏ పైపో పగిలితే కావాలి కదా, కానీ వాడేముందు ఫోన్ చేయాలన్నాం. చేశారు కూడా, ఒకసారి, మోటార్ స్విచ్ కోసం.

కుదిరినవాళ్ళు ఉప్పల్ నుంచి వచ్చారు, మొగుడూ పెళ్ళాం, ఆయన తల్లి. ఆ పెద్దావిడ గదులు చూడలేదు, నేరుగా గోడలు చూసుకుంటూ వచ్చి చిన్న బెడ్రూమ్‌లో ఆగి, పెచ్చు లేచిన చోట చూపుడువేలి గోరు పెట్టి చిన్నగా గీకారు. పొడి రాలింది. వేళ్ళ మధ్య నలిపి చూశారు. వంటగదిలోకి పిలిచి గుసగుసగా అడగలేదు, అంకుల్ పక్కనే ఉండగానే "వానలకి దిగుతదా బిడ్డా?" అన్నారు. దిగుతుంది, మేడ మీద ఆ మూల నీళ్ళు నిలుస్తాయి, మంచం ఈ గోడకి ఆనించకండి అన్నాను. అంకుల్ ముఖం చూడలేదు. ఆవిడ ఆయన వైపు తిరిగి, "పైన వాటర్‌ప్రూఫింగ్ చేయించి ఇయ్యిండ్రి, ఆషాఢం రాకముందే పాలు పొంగించుకుంటం" అన్నారు. అంతే. అంకుల్ ఖర్చు గురించి కాసేపు గొణిగి, అద్దె ఐదు వందలు పెంచి అడిగి, ఆవిడ ఒప్పుకోక, చివరికి పాత అద్దెకే ఇచ్చారు. గోడ సంగతి ఆయన ముందు పైకి మాట్లాడనంత కాలం అడిగి వెళ్ళిపోయినవాళ్ళే గానీ మళ్ళీ ఫోన్ చేసినవాళ్ళు లేరు. ఆ పెచ్చులు అందరికీ కనిపిస్తూనే ఉన్నాయి మరి. ఆ మేడ మీద పని కూడా మేమింకా ఇంట్లో ఉండగానే మొదలుపెట్టించారు, నెత్తి మీద సుత్తి దెబ్బలతో రోజంతా మీటింగులు, అది ఇంకో పోస్టుకి సరిపోతుంది.

చందానగర్ ఇంటి అగ్రిమెంట్‌కి ఈసారి జిరాక్స్ షాపు అతని పక్కనే నిలబడి ఒక పేరా టైప్ చేయించాను. ఖాళీ చేస్తామని చెప్పాక చివరి నెలలోనే ఇల్లు చూపించాలి, ముందు రోజు మెసేజ్, ఆదివారం పది నుంచి ఒంటిగంట, అద్దెకున్నవాళ్ళు లేనప్పుడు తాళం తీయకూడదు, చివరి నెల అద్దె అడ్వాన్స్‌లో సర్దుబాటు. కొత్త ఓనర్ కళ్ళజోడు పెట్టుకుని చదివి, "ఇంకా దిగనే లేదు, అప్పుడే ఖాళీ చేసే సంగతి రాస్తారేంటమ్మా" అన్నారు. తర్వాత బెంగళూరులో అద్దెకుంటున్న కొడుక్కి ఫోన్ చేసి పేరా మొత్తం చదివి వినిపించారు. అటునుంచి ఏమన్నాడో తెలీదు. ఫోన్ పెట్టేసి, ఆదివారం ఒక్కటే అయితే తనకి కష్టమని రెండో శనివారం కూడా కలపమన్నారు. కలిపాం, ఇంకో ప్రింట్ తీయించి సంతకాలు పెట్టాం.